ఎక్కువ అంటే మంచా, చెడ్డా?

మ్యాపులు వేసే సాఫ్ట్‌వేర్ చుట్టూనే నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో నేను గమనించిందేంటంటే, మ్యాపు వేసేవాళ్ళు రంగులు ఎంచుకోడానికి గంటలు గంటలు కూర్చుంటారు. ఈ ఊదా బాగుందా, ఆ నీలం బాగుందా అని పక్క సీటువాళ్ళని కూడా పిలిచి అడుగుతారు. ఆ రంగుల పక్కన రాసే నాలుగు మాటలు మాత్రం సాఫ్ట్‌వేర్ ఏది ఇస్తే అదే. ఇంగ్లీషులో అయితే "హై", "లో". తెలుగులో అయితే "ఎక్కువ", "తక్కువ". అంతే, పని అయిపోయింది, రిలీజ్.

ఒకే సంగతి చూపించే మ్యాపుకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. వర్షపాతం ఎక్కువ, వర్షపాతం తక్కువ... ఎవరికైనా అర్థమవుతుంది. రెండు సంగతుల్ని కలిపి ఒకే మ్యాపులో చూపించే దగ్గరే ఈ రెండు మాటలూ కొంప ముంచుతాయి. మా గిద్దలూరు, మార్కాపురం వైపు నీళ్ళ మ్యాపు ఒకటి చూశాక నాకు ఈ అభిప్రాయం బాగా గట్టిపడింది. అదేంటో కాస్త వివరంగా రాద్దామని.

ముందు ఈ రకం మ్యాపులతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు రంగుల మ్యాపులో ఒక్కో మండలానికి ఒక్కో రంగు, లేతగానో ముదురుగానో. రెండు సంగతుల మ్యాపులో మొదటిదానికి ఒక రంగు వరస, రెండోదానికి ఇంకో రంగు వరస తీసుకుని రెండింటినీ కలుపుతారు. ఒక్కోదాన్ని మూడు తరగతులుగా విడగొడితే మూడు మూళ్ళు తొమ్మిది రంగులు. మ్యాపు పక్కన తొమ్మిది గళ్ళ పెట్టె ఒకటి ఉంటుంది, అదే లెజెండ్. బైవేరియట్ మ్యాపు అని మన ఫీల్డులో అంటారు. చూసేవాడు మ్యాపులో తన మండలం రంగు చూసుకుని, పెట్టెలో ఆ రంగు ఎక్కడుందో వెతుక్కుని, అడ్డంగా ఒక మాట, నిలువుగా ఒక మాట చదివి, ఆ రెండూ కలిపి అర్థం చేసుకుని మళ్ళీ మ్యాపులోకి రావాలి. అంత దూరం నడిపిస్తున్నాం కదా, మరి దారిలో బోర్డులు సరిగ్గా ఉండాలి కదా?

ఇప్పుడు మా వైపు సంగతి.

ప్రకాశం జిల్లా 1970లో మూడు జిల్లాల ముక్కలతో ఏర్పడింది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి. ఒంగోలు వైపు గుంటూరు నుంచి. ఎక్కడినుంచి వచ్చినా పడమటి వైపు వాళ్ళందరికీ నీళ్ళతో రెండు బాధలున్నాయి. ఒకటి, నీళ్ళు లోతుకి పోవడం. రెండు, ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్. ఈ రెండోది కొత్తదేమీ కాదు. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా అంటే ఇందాక చెప్పిన కనిగిరి, పొదిలి, దర్శి కూడా అందులోవే. పళ్ళ మీద గారలు, వంగిపోయిన నడుములు, పట్టేసిన కీళ్ళు... మా వైపు పెరిగినవాళ్ళకి వీటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఈ రెండు బాధలూ అన్ని ఊళ్ళలో ఒకే పాళ్ళలో ఉండవు. కింద రాయిని బట్టి మారుతుంటాయి. మార్కాపురం, కంభం వైపు కింద పలకరాయి. మనందరం చిన్నప్పుడు రాసుకున్న మార్కాపురం పలకలు ఆ రాయే. కనిగిరి వైపుకి వెళ్తే గ్రానైట్. నీళ్ళలో ఫ్లోరైడ్ ఆ రాళ్ళలోని ఖనిజాలు కరిగితేనే వస్తుంది కాబట్టి, నీళ్ళు పైనే ఉన్నంత మాత్రాన మంచివని కాదు, లోతులో ఉన్నంత మాత్రాన చెడ్డవనీ కాదు. అందుకే ఈ రెంటినీ ఒకే మ్యాపులో చూడాలనుకోవడం మంచి ఆలోచనే. ఇందులో నాకు అభ్యంతరం లేదు.

నా దృష్టిలో ఇలాంటి మ్యాపులో అసలు సరుకంతా నాలుగు మూలల గళ్ళలో ఉంటుంది. ఒక్కో మూలకి ఒక్కో మందు.

నీళ్ళు పైనే ఉండి, ఫ్లోరైడ్ తక్కువగా ఉంటే ఆ ఊరు అదృష్టవంతురాలు. ఉన్నదాన్ని తోడేయకుండా కాపాడుకుంటే చాలు.

నీళ్ళు లోతులో ఉండి, ఫ్లోరైడ్ తక్కువగా ఉంటే సమస్య నీళ్ళ మోతాదుది. చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతలు, చెరువు పూడిక తీయడం, ఎండాకాలంలో ట్యాంకర్లు.

నీళ్ళు పైనే ఉండి, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే సమస్య నీళ్ళ నాణ్యతది. అక్కడ ట్యాంకు నిండా నీళ్ళున్నా తాగడానికి పనికిరావు. కాచి తాగితే పోయే రకం కాదిది, కాస్తే ఫ్లోరైడ్ పోదు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి తయారుచేసింది, దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. అలాంటివి గానీ, ఆర్వో ప్లాంటు గానీ, బయటినుంచి మంచినీళ్ళు గానీ కావాలి. ఇంకో బోరు వేసినంత మాత్రాన తీరే బాధ కాదు.

రెండూ చెడ్డవైతే ఇక దూరంనుంచి నది నీళ్ళు తెచ్చుకోవడమే దారి. వెలిగొండ గురించి మా వైపు జనం అన్ని దశాబ్దాలుగా ఎదురుచూసింది ఊరికే కాదు.

గమనించారా? రెండూ మంచివైన ఊరేదో, రెండూ చెడ్డవైన ఊరేదో మ్యాపు లేకుండానే అక్కడివాళ్ళు చెప్పేస్తారు. మ్యాపు పనికొచ్చేది మధ్యలో ఉన్న ఆ రెండు మూలల్ని విడదీసి చూపించడానికి. ఒక దానికి చెక్‌డ్యాము కావాలి, ఇంకోదానికి ఫిల్టరు కావాలి. ఆ రెంటినీ తారుమారు చేసి చదివితే, ఫ్లోరైడ్ ఊరికి ఇంకుడు గుంతలు, నీళ్ళు లేని ఊరికి ఆర్వో ప్లాంటు శాంక్షనవుతాయి. ఆర్వో ప్లాంటు నడవాలంటే ముందు నీళ్ళుండాలి కదండీ, పైగా వచ్చిన నీళ్ళలో కొంత వృథాగా బయటికి వదిలేస్తుందది!

సరిగ్గా ఇక్కడే "ఎక్కువ", "తక్కువ" చేతులెత్తేస్తాయి.

మా వైపునుంచి వచ్చి హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న కొంతమంది కుర్రాళ్ళు కలిసి ఆ మధ్య ఇలాంటి మ్యాపు ఒకటి తయారుచేశారు. సొంత టైములో, సొంత ఖర్చుతో. చాలా కష్టపడ్డారు, అందులో సందేహం లేదు. ఒకసారి చూసి చెప్పమని నాకూ పంపారు. సంక్రాంతికి ఊరెళ్తూ కలర్ ప్రింటు ఒకటి తీసుకెళ్ళి మా మేనమామకి చూపించాను. ఆయన పదో తరగతి దాకా చదివాడు, పేపరు మొదటి పేజీనుంచి చివరి పేజీ దాకా చదువుతాడు, ఎన్ని బోర్లు వేశాడో ఆయనకే లెక్క లేదు. కళ్ళజోడు పెట్టుకుని మ్యాపుని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏరా అబ్బాయా, మనది ఈ ముదురు రంగేనా?"

"అదే మామా. పక్కన పెట్టె ఉంది చూడు."

వేలు పెట్టి చదివాడు. "భూగర్భ జలం... ఎక్కువ. ఫ్లోరైడ్... ఎక్కువ." కాసేపు ఆలోచించాడు. "అయితే మనకి నీళ్ళు బానే ఉండాయి, కాకపోతే ఫ్లోరైడ్ నీళ్ళంటావు. మరి పోయిన ఎండాకాలం రెండు బోర్లు ఎందుకు ఎండిపోయినయ్ రా?"

ఆయన చదివింది అక్షరాలా కరెక్టు. లేబుల్ మీద "భూగర్భ జలం" అని ఉంది, దాని పక్కన "ఎక్కువ" అని ఉంది. లోపల ఉన్న అంకె మాత్రం నీళ్ళెంత ఉన్నాయో చెప్పేది కాదు, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చెప్పేది. ప్రభుత్వ లెక్కల్లో భూగర్భ నీటిమట్టాన్ని నేల మట్టంనుంచి కిందికి ఎన్ని మీటర్లు అని కొలుస్తారు. అంకె పెరిగితే నీళ్ళు తగ్గినట్టు. పేపర్లో "జలమట్టం పడిపోయింది" అని హెడ్డింగు, కింద చూస్తే అంకె పెరిగి ఉంటుంది. తెలుగులో "మట్టం పెరిగింది" అంటే శుభవార్త, "లోతు పెరిగింది" అంటే దుర్వార్త. రెండూ ఒకే కొలత గురించే! "ఎక్కువ" అన్న మాట ఆ రెంటిలో దేనికి అతుక్కుంటుందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

మా మామకి తన బోర్లు ఎండిపోయిన సంగతి తెలుసు కాబట్టి మ్యాపుని అనుమానించాడు. ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఇదే మ్యాపు చూసి సంతకం పెట్టేవాళ్ళకి అలా సరిచూసుకోడానికి బోరు ఉండదు. వాళ్ళు లేబుల్ ఏది చెప్తే అదే నమ్ముతారు.

సాఫ్ట్‌వేర్లు ఈ విషయంలో మనకి పెద్దగా సాయం చేయవు. ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్‌లో ఈ రకం మ్యాపుని రిలేషన్‌షిప్ స్టైల్ అంటారు. పెట్టెని చతురస్రంగా ఉంచుకోవచ్చు, లేదంటే ఏదో ఒక మూలకి ప్రాధాన్యం ఇచ్చి వజ్రంలా తిప్పి నిలబెట్టుకోవచ్చు. తిప్పితే అందంగానే ఉంటుంది. కానీ వజ్రం కొనల దగ్గర రాసే "హై", "లో"లు దేనికి హై, దేనికి లో అన్నది మనం పనిగట్టుకుని మార్చి రాస్తేనే తెలుస్తుంది. క్యూజీఐఎస్‌లో లెజెండ్ కోసం ప్లగిన్ ఉంది, గళ్ళ పెట్టె బొమ్మ గీసిపెడుతుంది, పక్కన ఏం రాయాలన్న బాధ్యత మనదే. ఆర్ భాషలో బైస్కేల్ అనే ప్యాకేజీ అక్షాల పేర్ల పక్కన బాణం గుర్తు పెడుతుంది, అది కొంత నయం. ఇక కాలమ్ పేరే లేబుల్‌గా వచ్చేసిన మ్యాపులు ఎన్ని చూశానో! "డీటీడబ్ల్యూ_ప్రీ_ఎంబీజీఎల్" అని ఉంటుంది. డేటాబేస్‌లో అది ముద్దుగానే ఉంటుంది, అర్ధవీడులోనో రాచర్లలోనో ఉన్న మనిషికి అది ఏ దేవుడి పేరో కూడా అర్థం కాదు :)

సరే, విమర్శ ఎవరైనా చేస్తారు. మరి ఎలా ఉండాలి? నేను ఆ కుర్రాళ్ళకి రాసి పంపినవే ఇక్కడ వరసగా పెడుతున్నాను. వేరే ఏ రెండు సంగతులకైనా పనికొస్తాయి.

మొదటిది: "ఎక్కువ, తక్కువ" తీసేసి వస్తువుని చెప్పే మాట పెట్టండి. "నీళ్ళు పైనే", "నీళ్ళు లోతులో". అప్పుడిక మంచా చెడ్డా అన్న ప్రశ్నే రాదు. ఫ్లోరైడ్ వైపు "తాగొచ్చు", "తప్పకపోతేనే", "తాగకూడదు". ఇవి నేను ఊహించి పెట్టినవి కావు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 1.0 మిల్లీగ్రాము దాకా సమ్మతమైన హద్దు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతి. మూడు తరగతులకి రెండు గీతలు కావాలి, ఆ రెండూ ప్రమాణంలోనే ఉన్నాయి!

రెండోది: తరగతుల గీతలు అసలు అంకెలమీద గీయండి. చాలా టూల్స్ డీఫాల్టుగా ఉన్న ఊళ్ళన్నిటినీ వరసలో నిలబెట్టి సమానంగా మూడు భాగాలు చేస్తాయి, కింది మూడో వంతు "తక్కువ", పై మూడో వంతు "ఎక్కువ". దీనివల్ల జరిగే తమాషా ఏంటంటే, అన్ని ఊళ్ళలోనూ ఫ్లోరైడ్ హద్దు దాటి ఉన్నా సరే, మూడో వంతు ఊళ్ళకి "తక్కువ" అన్న సర్టిఫికెట్ వచ్చేస్తుంది. పైగా ఈ "ఎక్కువ" జిల్లా సరిహద్దుతో పాటు కదులుతుంది. ప్రకాశంలో 2022 దాకా 56 మండలాలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో జరిగిన విభజనలో చీరాల వైపు బాపట్లకి, కందుకూరు వైపు నెల్లూరుకి పోయాక 38 మిగిలాయి. 2025 చివర్లో మార్కాపురం కేంద్రంగా వేరే జిల్లా చేయాలన్న నిర్ణయం వచ్చింది. సముద్రం పక్క ఇసుక నేలల్లో నీళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి, వాటిని కలిపి లెక్కేస్తే "లోతు"లో పడిన మండలం, పడమటి మండలాలు మాత్రమే తీసుకుంటే "మధ్య"లోకి వచ్చేయొచ్చు. బోరులో చుక్క నీరు పెరగలేదు, గెజిట్ మారింది, రంగు మారిపోయింది. గీత 10 మీటర్ల దగ్గరా 20 మీటర్ల దగ్గరా ఉందనుకోండి, జిల్లాలు ఎన్నిసార్లు మారినా రంగు మారదు.

మూడోది: జనం వాడే కొలతలో కూడా రాయండి. ప్రభుత్వానికి మీటర్లు, మా వైపు అడుగులు. 10 మీటర్లంటే 33 అడుగులు, 20 మీటర్లంటే 66 అడుగులు సుమారుగా. అయితే ఇక్కడ ఇంకో చిక్కుంది. 66 అడుగులు "లోతు" అని రాస్తే మా వైపు రైతు నవ్వుతాడు. "మేం వందల అడుగులు వేసినా పడలా, నువ్వు 66 లోతంటావేంది" అంటాడు. ఆయన చెప్పేది బోరు లోతు. మ్యాపులో ఉన్నది మోటారు ఆపి ఉన్నప్పుడు నీళ్ళు నిలబడే లోతు. ఈ రెంటికీ తేడా తెలియాలంటే "బోరులో నీళ్ళు నిలిచే లోతు" అని లేబుల్‌లోనే ఉండాలి. ఒక్క మాట ఎక్కువైతే ఏం పోదు.

నాలుగోది: నెల రాయండి. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదిలో నాలుగుసార్లు మట్టాలు కొలుస్తుంది. మే నెల అంకెకీ నవంబరు అంకెకీ మా వైపు చాలా తేడా ఉంటుంది. కంభం చెరువు నిండిన ఏడాదికీ ఎండిన ఏడాదికీ ఆ చుట్టుపక్కల బావుల్లో ఉండే తేడా అక్కడ ఎవరినడిగినా చెప్తారు. "మే నెలలో" అన్న ఒక్క ముక్క లేకపోతే ఆ మ్యాపు ఏ కాలానిదో తెలియదు.

ఐదోది: సగటా, శాతమా చెప్పండి. పక్కపక్క బోర్లలోనే ఫ్లోరైడ్ మారిపోతుంటుంది. మండలం మొత్తానికి సగటు తీస్తే చెడ్డ బోర్లు మంచి బోర్ల వెనక దాక్కుంటాయి. మండలం వారీగా వేస్తే "1.5 దాటిన బోర్లు నూటికి ఎన్ని" అనేది నయం. ఊరి వారీగా వేస్తే "ఊరి తాగునీటి బోరులో ఫ్లోరైడ్" అని నేరుగా రాయొచ్చు. ఏది వేస్తే అది లేబుల్‌లో ఉండాలి, ఎక్కడో అబౌట్ పేజీలో కాదు.

ఆరోది, నాకు బాగా ఇష్టమైనది: నిలువు అక్షాన్ని తలకిందులు చేయండి. మామూలుగా గ్రాఫుల్లో విలువ పెరిగేకొద్దీ పైకి పోతాం. అలా చేస్తే లోతు నీళ్ళు పెట్టెలో పైన, పై నీళ్ళు పెట్టెలో కింద వస్తాయి. బోరు ఎక్కడైనా ఆకాశంలోకి వేస్తారా? పై వరసలో పై నీళ్ళు, కింది వరసలో లోతు నీళ్ళు పెడితే పెట్టె చూడగానే నేలని నిలువునా కోసి చూసినట్టు ఉంటుంది. ఫ్లోరైడ్ ఎడమనుంచి కుడికి. అన్నిటికన్నా చెడ్డ గడి కింద కుడివైపు మూల. ఇంకో లాభం కూడా ఉంది. వరసల పేర్లు ఎడమ పక్కన అడ్డంగానే రాసుకోవచ్చు, అక్షరాల్ని నిలువుగా తిప్పే పని ఉండదు. తెలుగుని తొంభై డిగ్రీలు తిప్పితే ఒత్తులేవో గుణింతాలేవో మెడ విరుచుకుని చదవాలి.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఏడోది: తెలుగు లేబుల్ సరిగ్గా పడిందో లేదో కళ్ళతో చూడండి. క్యూజీఐఎస్‌లో బాగానే వస్తుంది. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా ఏళ్ళపాటు మన ఒత్తుల్ని సరిగ్గా పేర్చలేకపోయింది, కొన్ని వెబ్ మ్యాపు లైబ్రరీలదీ అదే కథ. "ఫ్లోరైడ్" అన్న మాటే మంచి టెస్ట్ కేసు. ఫ కింద ల ఒత్తు, పైన ఓత్వం, చివర పొల్లు. ఇది సరిగ్గా వచ్చిందంటే మిగతావి దాదాపు వచ్చేసినట్టే. రాకపోతే లెజెండ్‌ని బొమ్మగా చేసి అతికించడం మేలు.

ఎనిమిదోది: "పరీక్ష చేయలేదు" అన్నదానికి వేరే గుర్తు పెట్టండి. ఈ తొమ్మిది రంగుల పట్టీల్లో బాగా వాడుకలో ఉన్నవాటిలో రెండూ తక్కువైన గడికి లేత బూడిద రంగు వస్తుంది. డేటా లేని చోటికి కూడా అలవాటు ప్రకారం లేత బూడిద రంగే వేస్తాం. అప్పుడు ఎవరూ నమూనా తీసుకోని ఊరు, అన్నీ బాగున్న ఊరిలా కనిపిస్తుంది. ఇది నవ్వులాట కాదు. ఆ ఊళ్ళో పిల్లలు తాగుతున్న నీళ్ళ గురించి మనం తెలియకుండానే "ఫరవాలేదు" అని చెప్పేస్తున్నాం. గీతలు కొట్టిన గడి ఒకటి వేరేగా పెట్టి "పరీక్ష చేయలేదు" అని స్పష్టంగా రాయాలి.

చివరిది: నాలుగు మూలలకీ ఒక్కో వాక్యం రాయండి. "నీళ్ళున్నాయి, తాగొచ్చు." "నీళ్ళున్నాయి, తాగకూడదు." "మంచినీళ్ళే, కానీ లోతులో." "లోతులో, అవీ తాగకూడదు." ఒక్కోటి నాలుగైదు మాటలకి మించవు. మిగతా ఐదు గళ్ళూ వీటి మధ్యలోవే కాబట్టి వాటిని వేరే వివరించక్కర్లేదు. నా లెక్కలో ఈ నాలుగు వాక్యాలు ఉంటే అక్షాల పేర్లు కాస్త అటూ ఇటూ అయినా మ్యాపు తలకిందులుగా చదవబడదు.

ఇదంతా విన్నాక ఒక కుర్రాడు, "ఇంత గొడవ ఎందుకన్నా, రెండు వేరు వేరు మ్యాపులు పక్కపక్కన వేస్తే పోలా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇది పాత తగవు కూడా. 1970ల్లో అమెరికా సెన్సస్ బ్యూరో ఇలా రెండు సంగతుల్ని రంగుల్లో కలిపి మ్యాపులు అచ్చు వేసింది. చూసినవాళ్ళకి అర్థం కావట్లేదని చాలామంది విమర్శించారు. వైనర్, ఫ్రాంకోలిని అనే ఇద్దరు 1980లో మనుషులు ఇలాంటి మ్యాపుల్ని నిజంగా చదవగలుగుతున్నారా అని పరీక్షించి, ఆ రంగుల పద్ధతి మీద గట్టిగానే సందేహాలు లేవనెత్తారు. మరుసటేడు జూడీ ఓల్సన్ అనే కార్టోగ్రాఫరు కూడా పరీక్షించి, సరైన లెజెండ్, వివరణ తోడుంటే జనం వీటినుంచి సమాచారం రాబట్టగలరనే వైపు మొగ్గారు. ఆ తగవులో నేను నేర్చుకుందేంటంటే, రంగులు వాటంతట అవే మాట్లాడవు. రెండు మ్యాపులు పక్కపక్కన పెడితే ఒక్కోటీ సులువుగానే అర్థమవుతుంది, కానీ "నీళ్ళున్నాయి, తాగకూడదు" అన్న ఊళ్ళని పట్టుకోవాలంటే చూసేవాడు ఊరూరికీ రెండు మ్యాపుల మధ్య తల తిప్పుతూ కూర్చోవాలి. అందుకని నా సలహా, కలిపిన మ్యాపు పెద్దదిగా, విడి మ్యాపులు రెండూ కింద చిన్నవిగా. కాగితం ఖర్చేమీ పెరగదు.

ఆఖరుగా ఒక చిన్న పరీక్ష చెప్తాను. మన మ్యాపులు మన పెద్ద మానిటర్ల మీద ఉండిపోవు. మండల ఆఫీసుకి చేరేసరికి కలర్ ప్రింటు ఒక్కటే ఉంటుంది, మిగతావన్నీ దాని జెరాక్సులు. జెరాక్సులో ఊదా, నీలం ఒకే బూడిద రంగు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళున్నవాళ్ళకి కలర్ ప్రింటు ఇచ్చినా అంతే. కాబట్టి వరసలకి 1, 2, 3 అనీ, నిలువు వరసలకి అ, ఆ, ఇ అనీ పేర్లు పెట్టి, ప్రతి గడిలోనూ, మ్యాపు మీద ప్రతి మండలంలోనూ ఆ గుర్తు రాయండి. ఇక పరీక్ష ఏంటంటే, మీ లెజెండ్‌ని ఒక మార్కాపురం పలక మీద తెల్ల బలపంతో గీయండి. తొమ్మిది గళ్ళు, గుర్తులు, లేబుళ్ళు, నాలుగు వాక్యాలు. రంగు అనేదే లేకుండా, దాన్ని చూసి ఒక మనిషి తన ఊరు ఏ గడిలో ఉందో, ఆ గడి అంటే ఏంటో చెప్పగలిగితే లేబుళ్ళు బాగున్నట్టు. చెప్పలేకపోతే రంగులు ఎంత మార్చినా ప్రయోజనం లేదు.

పలక దొరకదంటారా? వైట్‌బోర్డు మీదైనా ఫరవాలేదు, ఒకే రంగు మార్కరు వాడండి. మీటింగు రూములో మీ టీముకి కాకుండా, హౌస్‌కీపింగ్‌కి వచ్చే అమ్మనో, సెక్యూరిటీ అన్ననో పిలిచి రెండు నిమిషాలు చదవమని అడగండి. వాళ్ళలో మా పడమటి ప్రకాశం నుంచి వలస వచ్చినవాళ్ళు కూడా ఉండొచ్చు. అప్పుడు మ్యాపు గురించే కాదు, నీళ్ళ గురించి కూడా మీకు నాలుగు కొత్త సంగతులు తెలుస్తాయి.